పంతొమ్మిదో గాడి

"పదిహేడు, ఫురుతా ఇల్లు!"

"పదిహేడు సరే!"

"పద్దెనిమిది, నొజిమా ఇల్లు!"

"పద్దెనిమిది సరే! పంతొమ్మిది? ఏదీ, పంతొమ్మిది ఏ గంగలో కలిసింది?"

మైకులోంచి వరద దళం పెద్ద కురాహాషి బాబాయ్ గొంతు వానను చీల్చుకుని వస్తోంది. నాకు వినిపిస్తూనే ఉంది. ఎందుకంటే పంతొమ్మిది నా కోసమే ఆగింది. ఆ క్షణాన నేను ఇసో బామ్మ ముందుగదిలో, బురద బూట్లతో నిలబడి ఉన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఆ గదిలోకి చెప్పులతో అడుగుపెట్టడం అదే మొదటిసారి.

జూలై వానలకి అకాసె నది అప్పటికి గట్టు మెట్లలో రెండోది దాటింది. మూడో మెట్టు దాటితే మా షిమోగావరా పేట మునుగుతుంది.

మా పేటకి గోడ లేదు. గట్టు మీద నడుమెత్తు సిమెంటు స్తంభాలు వరసగా ఉంటాయి, అంతే. ప్రతి స్తంభానికీ రెండు పక్కలా నిలువుగా గాడి. మధ్యలో ఖాళీ. మామూలు రోజుల్లో ఆ ఖాళీలోంచి పిల్లలు తలలు దూర్చి చేపలు చూస్తారు, ముసలాళ్ళు గాలికి కూర్చుంటారు. నది పొంగిన రోజున ఇంటికొకటి చొప్పున నేలమీది తతామి పెకలించి తెచ్చి, అడ్డంగా నిలబెట్టి, ఆ గాళ్లలోకి దించుతాం. నలభై రెండు ఖాళీలు, నలభై రెండు ఇళ్ళు. మందపాటి వరిగడ్డి దిమ్మ మీద తుంగచాప బిగించి కుట్టినదే తతామి. నీళ్ళు తగిలితే గడ్డి ఉబ్బి గాడిలో బిగుసుకుపోతుంది. గునపంతో పొడిచినా ఊడదు. మా తాతల కాలంలో నిండు గోడ కట్టిస్తామని సర్కారు వాళ్ళు వస్తే, "నది కనపడకపోతే మాకు అన్నం సయించదు" అని వెనక్కి పంపి ఈ స్తంభాలు కట్టించుకున్నారట.

ఎక్కడా రాసి లేని నియమం ఒకటి ఉంది. గట్టుకి ఇచ్చే తతామి ముందుగదిలోది కావాలి, ఇంట్లో అన్నిటికన్నా మంచిది. వంటింటి పక్కన మాసిపోయింది తెచ్చిన ఇంటివాళ్ళని ఈ పేట మూడు తరాలు దెప్పుతుంది.

మా నాన్న మినోబె తొకుజి. పేటలో తతామీలు కట్టేది ఆయనొక్కడే. గట్టు తతామీలకి బాధ్యుడు కూడా ఆయనే. మోసేవాళ్ళు లేని ఇళ్ళన్నీ ఆయన వంతు. ఒంటరిగా ఉండే ఇసో బామ్మని పొద్దున్నే కొండమీది బడికి చేర్చేశారు. "ఇసో బామ్మ ఇంటికెళ్ళి నిలబడు చిగుసా. ఇరవై ఏడు ఒకసారి చూసి వచ్చేస్తా. ఇద్దరం కలిసి ఎత్తుదాం" అని చెప్పి నాన్న వెళ్ళాడు.

నేను ఆగలేదు. మైకు పిలుస్తోంది, నది అరుస్తోంది. నాకు ఇరవై రెండేళ్ళు. ఒసాకాలో రెండేళ్ళు బట్టలకొట్లో పనిచేసి ఆ వసంతంలోనే తిరిగొచ్చాను. ఇరుగూపొరుగూ నన్నింకా చుట్టంలాగే చూస్తున్నారు. ముందుగది మధ్యలో కొత్తచాప వేసిన తతామి మెరుస్తోంది. అంచులో కొక్కెం గుచ్చి లాగాను. లేచింది. వీపు మీదికి తీసుకున్నాను. వచ్చింది. సందు దాటి, వాలు ఎక్కి, గాడిలోకి దించి, ఊపిరంతా బిగబట్టి అరిచాను.

"పంతొమ్మిది, ఇసో ఇల్లు!"

"పంతొమ్మిది సరే!"

ఆ వానలో గొంతు ఎవరిదో పోల్చలేరు, వంద అడుగుల అవతల కురాహాషి బాబాయ్‌కి కనబడింది పసుపు రెయిన్‌కోటు మాత్రమే. ఆ రోజు అందరివీ అవే కోట్లు, కళ్ళమీదికి లాక్కున్న టోపీలు. పద్దెనిమిది వాళ్ళూ ఇరవై వాళ్ళూ అప్పటికే అవతల ఇసుకమూటలు మొయ్యడానికి పరిగెత్తారు.

అంత బలం నాకెక్కడిదో నాకే తెలియలేదు. గర్వంతో ఛాతీ పగిలిపోయేలా ఉంది. అంతలో నాన్న ఆయాసపడుతూ వచ్చాడు.

"ఇది ఎవరు తెచ్చారు?"

"నేనే! ఒక్కదాన్నే! చూశావా?"

నాన్న తతామి అంచు మీద బొటనవేలు నొక్కాడు. ఒక్కసారి నా మొహంలోకి చూశాడు.

"నువ్వు ఇరవై ఎనిమిదికి పో. మూటలు మొయ్యి. ఇక్కడ ఉండకు."

"అదేంటి నాన్నా, కనీసం..."

"పో అన్నానా!"

అని, వెనక్కి తిరిగి, గట్టు దిగి, పేటలోకి పరిగెత్తాడు. మెచ్చుకోలు మాట ఒక్కటి లేదు. ఏడుపొచ్చింది నాకు. మూటలు మోస్తూ మనసులో ఆయన్ని తిట్టుకుంటూనే ఉన్నాను.

పది నిమిషాలు కూడా కాలేదు.

"పంతొమ్మిది పోయింది!"

తిరిగి చూస్తే రెండు స్తంభాల మధ్య తతామి లేదు. మట్టిరంగు నీళ్ళు నాలుక చాచినట్టు గట్టు మీదుగా కిందికి దూకుతున్నాయి. ఆ నీళ్ళకి ఎదురుగా, వీపు మీద పెద్ద తతామి మోసుకుంటూ, ఒక మనిషి ఒంటరిగా వాలు ఎక్కుతున్నాడు. నాన్న. దాన్ని గాడిలోకి తోసి, నలుగురూ వచ్చి పట్టేదాకా కుడిభుజం ఆనించి నిలబడ్డాడు. భుజం ఎముక చిట్లిన చప్పుడు తనకి వినిపించిందని తర్వాత చెప్పాడు.

పదకొండున్నరకి నది తగ్గడం మొదలైంది. ప్రాణాలేమీ పోలేదు. అది ఇప్పుడు చెప్పుకుంటుంటే ఎంత పెద్ద మాటో! ఆ రోజు మాత్రం ఆ మాట ఎవరి నోటా రాలేదు. దిగువ సందులో పన్నెండు ఇళ్ళలో మోకాలి లోతు బురద.

*

నాలుగో రోజున కురాహాషి బాబాయ్ మా ఇంటికి వచ్చాడు. సందు చివర సారాకొట్టు ఆయనదే. ఆ కొట్లో సీసాలన్నిటికీ లేబుళ్ళు ఊడిపోయాయి. ఏది ఖరీదైనదో ఏది నాసిదో తెలియక, ఒక్కొక్కటీ మూత తీసి రుచి చూడాల్సి వస్తోందని, ఆయన భార్య మొదటి రోజు నవ్వింది, రెండో రోజు తలుపు వేసుకుంది.

ఆయనా నాన్నా ఒకే బెంచీలో చదువుకున్నవాళ్ళు. అయినా ఆ రోజు గడపలోనే కూర్చున్నాడు, లోపలికి రాలేదు.

"ఒరేయ్ తొకుజీ. ఆ పంతొమ్మిదోది కట్టింది ఎవరు?"

"నేనే."

"పెట్టింది?"

"పంతొమ్మిది నా వంతు."

"అది నాకూ తెలుసు. అది పోకముందు నువ్వు గట్టు దిగి పరిగెత్తావు. మంగలి సెంకిచి కళ్ళారా చూశాడు. గట్టు మీద ఉన్నవాడు ఎందుకు దిగుతాడ్రా? సమాధానం చెప్పు, పోయి పేటవాళ్ళకి చెప్తా."

నాన్న కట్టుకట్టిన భుజం వంక చూసుకున్నాడు.

"గుర్తులేదు."

"గుర్తులేదా!"

అమ్మ టీకప్పులు ఠక్కుమని పెట్టింది. "ఏమండీ, నోటికి కుట్లు వేసుకున్నారా? మనిషి ఇంటికొచ్చి అడుగుతున్నాడు."

నాన్న టీ ఊదుకుంటూ కూర్చున్నాడు.

కురాహాషి బాబాయ్ లేచాడు. "సెప్టెంబరులో పేట సమావేశం. ఖాళీలన్నీ సిమెంటుతో మూసేస్తామని మునిసిపాలిటీ వాళ్ళు మళ్ళీ కాయితం పంపారు. ఇన్నేళ్ళూ ఆ కాయితంతో వేరుశెనక్కాయలు పొట్లం కట్టుకున్నాం. ఈసారి సగం పేట సంతకం పెడతానంటోంది. 'తొకుజి కట్టిన తతామి నమ్ముకుని చావమంటావా' అంటున్నారు. గట్టు పని నుంచి నీ పేరు తీసేయమంటున్నారు. ఒక్క మాట చెప్పరా. అబద్ధమైనా చెప్పు."

"గట్టు తతామి పోతే అది కట్టినవాడి తప్పే" అన్నాడు నాన్న. "అంతకంటే ఏం లేదు."

తాతగారి నుంచి వచ్చిన పేరు. ముప్పై ఏళ్ళుగా పేటలో దాదాపు ప్రతి ఇంటి నేలా నాన్న చేతులమీదుగా వెళ్ళింది. మర్నాటి నుంచే ఆ ఇళ్ళవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, కొత్తచాప వెయ్యమని ఇచ్చిన తతామీలు "తర్వాత చూద్దాంలే" అంటూ వెనక్కి తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. నాన్న ఎవరినీ ఆపలేదు. నేను మాత్రం దాన్ని గాడిలోకి సరిగ్గానే దించానని నా నమ్మకం. ఎవరో ఏదో చేశారు. ఎవరినో నాన్న కాస్తున్నాడు. ఆ ఎవరో ఎవరో నేను తేలుస్తాననుకున్నాను.

మొదట మంగలి సెంకిచి దగ్గరికి వెళ్ళాను.

*

"తల కడగనా, కత్తిరించనా?" అన్నాడు. కొట్లో బురద వాసన ఇంకా పోలేదు. తిరిగే కుర్చీ తిరగడం మానేసింది.

"ఏం వద్దు మామయ్యా. నువ్వు చూసింది చెప్పు."

"ఎన్నిసార్లు చెప్పను పిల్లా! మీ నాన్న వచ్చాడు. ఆ తతామి దగ్గర వంగి ఎవరితోనో మాట్లాడాడు. పసుపు కోటు. మన దళంలో కుర్రాడెవడో. తర్వాత మీ నాన్న దిగి పరిగెత్తాడు. నేను మూట దించి తల ఎత్తేసరికి అది పోయింది."

"విరిగిందా?"

"అదే చెప్తున్నా, విరగలేదు. లేచింది."

"లేవడం ఏంటి?"

"నీళ్ళ తొట్టిలో సబ్బుపెట్టె ముంచి వదిలేస్తే ఎలా పైకొస్తుంది? అలా. గాడిలోంచి నిలువుగా లేచి, ఒక్క పల్టీ కొట్టి, తేలుకుంటూ పోయింది, దర్జాగా. అంత భయంలోనూ నాకు నవ్వొచ్చిందంటే నమ్ము."

నవ్వలేకపోయాను. మాట్లాడిన పసుపు కోటు కుర్రాడు కాదు, నేనే. ఆ ముక్క వరకూ నాకు తెలుసు. కానీ లేవడం ఏమిటి? తడిసిన తతామి బండరాయిలా కూర్చుంటుంది. లేవదు.

ఇంటికొస్తే నాన్న ఎడమచేత్తో సూది పట్టుకుని తంటాలు పడుతున్నాడు. తతామి కుట్టేటప్పుడు దారం బిగించడానికి మోచెయ్యి ఆనించి నొక్కాలి. ఆయన కుడి మోచేతి మీద అరచేతి చర్మం లాంటి కాయ. ఎడమ మోచెయ్యి మెత్తగా, పసిపిల్లాడిదిలా ఉంది.

"ఆ మూలదాన్ని ఇలా బల్ల మీదికి తీసుకురా" అన్నాడు. "అమ్మని పిలువు, ఇద్దరూ పట్టుకోండి."

"నేనొక్కదాన్నే చాలు. మొన్న మొయ్యలేదా?"

నాన్న సూది పక్కన పెట్టాడు.

కొక్కెం గుచ్చి లాగాను. తతామి అంచు కాస్త లేచి మళ్ళీ కూర్చుంది. నడుం వంచి రెండు చేతులూ కిందికి దూర్చాను. వీపు మీదికి తీసుకోబోతే నేనే తూలాను. మూడుసార్లు ప్రయత్నించాను.

ఎత్తలేకపోయాను.

దాన్ని అలాగే వదిలి, చేతులు దులుపుకుని, ఇసో బామ్మ ఇంటికి వెళ్ళాను.

*

బామ్మ పెరట్లో దోసపాదు కడుగుతోంది, ఆకు ఆకునీ పట్టుకుని. నన్ను చూసి మొహం తిప్పుకుంది.

"బామ్మా, మీ ముందుగదిలో తతామీల లోపల ఉన్నది ఏంటి?"

"ఏంటంటే? తతామీలే."

"గడ్డేనా?"

బామ్మ బకెట్టు కింద పెట్టింది. నడుం పట్టుకుని నిలబడింది.

"థర్మాకోల్" అంది. "పోయిన చలికాలం నడుం పట్టేసింది. ఎండకి ఎత్తి పెట్టుకోలేకపోతున్నాను తొకుజీ అంటే, లోపలి గడ్డి తీసేసి తేలికవి కట్టాడు మీ నాన్న. 'ఇవి గట్టుకి పనికిరావు, నీళ్ళల్లో తేలతాయి బామ్మా' అని చెప్పి, గడ్డిది ఒకటి ప్రత్యేకం కట్టి ఇంట్లో మెట్ల కింద పెట్టాడు. గట్టు కోసం. నువ్వప్పుడు ఒసాకాలో ఉన్నావు, నీకెలా తెలుస్తుంది?"

మెట్ల కింద చూశాను. గోడ మీద పొడుగ్గా, నలుపలకలుగా, దుమ్ము పట్టని జాగా.

నాన్న గట్టు దిగి పారిపోలేదు. దీని కోసం పరిగెత్తాడు.

"ఎవరికీ ఎందుకు చెప్పలేదు బామ్మా?"

"ఒట్టు వేయించుకున్నాడే! నీ పేరు బయటికి వస్తే పేటంతా నిన్ను వేలు పెట్టి చూపిస్తుంది, నువ్వు మళ్ళీ రైలెక్కేస్తావు అని. నాకు రాత్రీ పగలూ నిద్ర లేదనుకో. ఈ పాడు నడుం వల్లే కదా ఇదంతా అని." బామ్మ నా చెయ్యి పట్టుకుంది. తడిగా, చల్లగా ఉంది. "హమ్మయ్య! నీకు నేను చెప్పలేదు, నువ్వే కనుక్కున్నావు. ఒట్టు పోలేదు."

*

"నీకు ఎప్పుడు తెలిసింది?" అని అడిగాను నాన్నని.

"వేలు పెట్టి నొక్కినప్పుడు."

"అప్పుడే తీసేయొచ్చుగా!"

"తీస్తే ఖాళీలోంచి వెంటనే నీళ్ళు వస్తాయి. పదినిమిషాలు ఆగుతుందనుకున్నా. ఎనిమిదే ఆగింది."

"నేను వెళ్ళి కురాహాషి బాబాయ్‌కి చెప్పేస్తాను."

"ఏం చెప్తావ్? తేలిక తతామి కట్టింది నేను. నువ్వు ఊళ్ళోకొచ్చిన రోజు అన్నం తింటూ ఆ ముక్క చెప్పాల్సింది నేను. చెప్పలేదు. కుట్టింది నా చెయ్యి. నోరు మూసుకుని అటువైపు దారం పట్టుకో."

దారం పట్టుకున్నాను. ధైర్యం ఉండి కాదు, లేక. చెప్పేస్తానని అన్నప్పుడు నాన్న వద్దనాలని లోపల్లోపల కోరుకున్నాను. ఆయన వద్దన్నాడు. నాకు హాయిగా అనిపించింది. ఆ హాయి తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కానీ ఒక పని చెయ్యగలను. జూలై ఆఖర్న, వానలు వెళ్ళి మాకు నడివేసవి మొదలయ్యాక, తతామీలు ఎత్తి ఎండబెట్టే వారం వచ్చింది. కొక్కెం పట్టుకుని ఇంటింటికీ బయల్దేరాను.

"ఎండబెట్టడానికి సాయం వచ్చాను పిన్నీ."

"మీ నాన్న పంపాడా?"

"కాదు, నేనే."

"తొకుజి కట్టినవి తొకుజి కూతురే తనిఖీ చేస్తుందా! బావుంది వరస."

తలవంచుకుని లోపలికి వెళ్ళేదాన్ని. ముందుగదిలో ఒక మూల ఎత్తి చూసేదాన్ని. చేతికి బరువు తగిలితే సరే. తేలిగ్గా వస్తే ఆ ఇంటి నంబరు గుర్తుపెట్టుకునేదాన్ని. నలభై రెండిట్లో తేలికవి ఆరు ఇళ్ళలో దొరికాయి. ఒకటి ఇసో బామ్మది, మిగతా అయిదిళ్ళవీ పొరుగూరి కొట్లో కొన్నవి. వాటితో పాటు కొన్న గట్టు తతామి మాత్రం ఒక్క ఇంట్లోనూ లేదు. ఆ ఇళ్ళవాళ్ళకి ఆ సంగతే తెలియదు. వాళ్ళ ఖాళీల దగ్గర గట్టు కాస్త ఎత్తు కాబట్టి సరిపోయింది, జూలైలో నది ఇంకో అరచెయ్యి ఎక్కి ఉంటే అవి కూడా ఒక్కొక్కటే లేచేవి.

ఆ ఆరిళ్ళకీ గడ్డి తతామీలు నేనే కుట్టాను. నాన్న పక్కన స్టూలు మీద కూర్చుని, "మోచెయ్యి! మోచెయ్యి! ముద్దుపెట్టుకుంటున్నావా దాన్ని? నొక్కు!" అని అరిచేవాడు. గట్టు కోసం కట్టినవాటికి అంచున ఎర్రదారం మూడు కుట్లు వేశాను. చీకట్లో తడిమినా తెలిసేలా. ఆగస్టులో పెద్దలకి దీపాలు పెట్టే పండగ వచ్చి వెళ్ళేసరికి నా మోచేతి తోలు ఊడి, మళ్ళీ వచ్చింది, ఈసారి గట్టిగా.

*

సెప్టెంబరు రెండో ఆదివారం పొద్దున తొమ్మిదింటికి సమావేశం. తుపాను సముద్రం వైపు పోతుందని ముందురోజు రేడియోలో చెప్పారు. పొద్దుటికి అది మనసు మార్చుకుంది.

పేట హాల్లో మునిసిపాలిటీ కాయితం బల్ల మీద ఉంది. పక్కన పెన్ను. కిటికీల మీద వాన రాళ్ళు విసిరినట్టు కొడుతోంది. నాన్న వెనక వరసలో, చెప్పుల అరకి ఆనుకుని కూర్చున్నాడు.

"రెండు విషయాలు" అన్నాడు కురాహాషి బాబాయ్. ఆయన గొంతులో ఇష్టం లేదు. "గట్టు తతామీల బాధ్యత నుంచి తొకుజిని తప్పించడం. ఖాళీలు మూసెయ్యడం. ఎవరైనా మాట్లాడేది ఉందా?"

ఉంది. చెప్పాల్సింది నేనే. చెయ్యి ఒడిలోంచి లేచింది, భుజం దాకా వచ్చింది.

సైరన్ మోగింది.

అందరూ ఒక్కసారే లేచారు. చెప్పులు కలిసిపోయాయి. సెంకిచి ఒక కాలికి తనదీ ఇంకో కాలికి ఎవరిదో వేసుకుని పరిగెత్తాడు. గుమ్మం దగ్గర కురాహాషి బాబాయ్ నాన్న ఛాతీకి చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు ఇక్కడే ఉండరా. గట్టు మీద నిన్ను చూస్తే జనం బెదురుతారు."

నాన్న తలూపాడు.

నేను ఇసో బామ్మ ఇంటికి పరిగెత్తాను. మెట్ల కింద గడ్డి తతామి, ఎర్రదారం. లాగాను. కాస్త జరిగింది. అంతే. బయట మైకు మొదలైంది. ఒకటి సరే. రెండు సరే. ముందుగదిలో తేలికది మెరుస్తూ నన్నే చూస్తోంది. దాని వంక చూడలేదు. అయిదు సరే. ఆరు సరే. చేతులు జారిపోతున్నాయి.

గుమ్మంలో నీడ పడింది.

"ఇద్దరం కలిసి ఎత్తుదామని జూలైలోనే చెప్పానుగా" అన్నాడు నాన్న.

"నిన్ను అక్కడే ఉండమన్నారు."

"గుర్తులేదు."

ఆయన ఎడమభుజం, నా కుడిభుజం. సందు దాటాం, వాలు ఎక్కాం. నీళ్ళు అప్పటికే స్తంభాల మొదళ్ళు నాకుతున్నాయి. తతామి గాడిలోకి దిగి గట్టిగా కూర్చుంది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే.

"పంతొమ్మిది, ఇసో ఇల్లు!"

"పంతొమ్మిది సరే!"

నాన్నని చూసి ఇటూ అటూ తలలు తిరిగాయి. ఏదైనా అనడానికి ఎవరికీ తీరిక లేదు. నది మూడో మెట్టు దాటింది. తతామీల మీదికి అరచెయ్యి, రెండు అరచేతులు, మూర. నలభై రెండు ఇళ్ళ ముందుగదులు వరసగా నిలబడి నదికి ఎదురొడ్డాయి. మేమంతా వాటికి వీపులు ఆనించి కూర్చున్నాం. వీపుకి నది తగులుతోంది, పెద్ద జంతువు అవతలి నుంచి రాసుకుంటున్నట్టు. గడ్డి నీళ్ళు తాగుతూ కిర్రుకిర్రుమంటోంది. పై అంచుకి జానెడు మిగిలినప్పుడు ఫురుతా వాళ్ళావిడ కళ్ళు మూసుకుంది. బెత్తెడు మిగిలినప్పుడు నేను మూసుకున్నాను.

ఎంతసేపు గడిచిందో. సెంకిచి గొంతు వినిపించింది.

"ఒరేయ్... తడి గీత కనబడుతోందిరా. తగ్గుతోంది!"

ఒక్క తతామీ లేవలేదు. సగం మంది నవ్వారు, సగం మంది ఏడ్చారు, కొంతమంది ఏది చేస్తున్నారో వాళ్ళకే తెలియలేదు. కురాహాషి బాబాయ్ భార్య లేబుల్ లేని సీసాలు నాలుగు బుట్టలో పెట్టుకుని వచ్చింది. "ఏదొస్తే అది తాగండి. నాసిది దొరికినవాడు నోరు మూసుకోండి." కొండమీది బడి నుంచి ఇసో బామ్మని సెంకిచి వీపు మీద ఎక్కించుకుని తెచ్చాడు.

మునిసిపాలిటీ కాయితం మాట ఎవరూ ఎత్తలేదు. సంతకం పెట్టాల్సిన వాళ్ళంతా ఇక్కడే తడిసి ముద్దై, వీపులు రుద్దుకుంటూ కూర్చున్నారు.

నది తగ్గాక మళ్ళీ ఒకసారి వరస పిలవడం మా ఆనవాయితీ. ప్రతి తతామీ నిలిచిందని పేరుపేరునా చెప్పి, అప్పుడే లెక్క ముగిస్తారు. మైకు అందుకున్నాడు కురాహాషి బాబాయ్. ఈసారి గొంతులో కోపం లేదు.

"పద్దెనిమిది, నొజిమా ఇల్లు, నిలిచింది!"

"సరే!"

మా దగ్గరికి వచ్చి ఆగాడు. మైకు దించాడు.

"తొకుజీ. నిలిచిందిరా. నీ తతామీలు అన్నీ నిలిచాయి. ఇప్పుడైనా చెప్పు. జూలైలో ఏమైంది?"

"గుర్తులేదు" అన్నాడు నాన్న, తతామి అంచు తుడుస్తూ.

బామ్మ సెంకిచి వీపు మీద నుంచి నా వంక చూసింది. ఏమీ అనలేదు. ఒట్టు కదా.

నేను లేచి నిలబడ్డాను. పసుపు టోపీ వెనక్కి తోశాను. నాన్న నా కోటు అంచు పట్టుకుని లాగాడు. మెల్లగా విడిపించుకున్నాను. వరస పిలుపుకి ఎలా అరుస్తామో అలాగే, ఇంటి పేరు చెప్పే చోట నా పేరు పెట్టి, నలభై రెండో స్తంభం దాకా వినపడేలా అరిచాను.

"జూలై, పంతొమ్మిది! తేలిక తతామి తెచ్చి గాడిలో పెట్టింది మినోబె చిగుసా! మా నాన్న పరిగెత్తింది గడ్డిది తేవడానికి!"

గట్టు పొడుగునా పసుపు టోపీలు నా వైపు తిరిగాయి. నది మాత్రం పారుతోంది.

కురాహాషి బాబాయ్ నన్ను చూశాడు, నాన్న భుజాన్ని చూశాడు, ఎర్రదారం మూడు కుట్లు చూశాడు. తర్వాత నెమ్మదిగా మైకు నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"జూలై, పంతొమ్మిది" అన్నాడు పేటంతటికీ. "మినోబె చిగుసా. సరే!"